బిలాస్‌పూర్ నుంచి ఢిల్లీకి ఎన్ని గంటలు?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ విమానాశ్రయం నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి గాలిలో గీత గీస్తే సుమారు 890 కిలోమీటర్లు. రాయ్‌పూర్ నుంచి ఢిల్లీకి అదే లెక్కన సుమారు 945 కిలోమీటర్లు. మ్యాపు ప్రకారం ఢిల్లీకి దగ్గరగా ఉన్నది బిలాస్‌పూరే. అయినా ఆ ఊరివాళ్లు చాలామంది ఢిల్లీ వెళ్లాలంటే ముందు ఢిల్లీకి వీపు తిప్పి, దక్షిణంగా 130 కిలోమీటర్ల దూరం రోడ్డు మీద రాయ్‌పూర్ విమానాశ్రయానికి పోతారు. రోజూ, పలు వేళల్లో, నమ్మకంగా విమానం దొరికేది అక్కడే కనుక.

ప్రయాణికుడి కోణంలో ఇది ఒక అసౌకర్యం. దేశ రక్షణ కోణంలో చూస్తే ఇది ఇంకా పెద్ద విషయం. రెండు చోట్ల మధ్య దూరాన్ని ఏ ప్రభుత్వమూ తగ్గించలేదు. కానీ ఆ దూరాన్ని దాటడానికి పట్టే సమయాన్ని పెంచేదీ తగ్గించేదీ నేల మీద మనం చేసే పనే. బిలాస్‌పూర్‌లో ఆ పనికి అడ్డుపడిన అంశాల్లో ముఖ్యమైనది సైన్యం కోసం కేటాయించిన భూమి కావడం వల్ల, సైన్యంలో పనిచేసినవాళ్లు దీనిపై మాట్లాడటం అవసరం.

మ్యాపు చెప్పే దూరం

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఎవరైనా ఇంట్లో కూర్చుని లెక్క కట్టవచ్చు. భూమి మీద ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే ఒక నిమిషం, 1.852 కిలోమీటర్లు. నావికులూ పైలట్లూ వాడే నాటికల్ మైలు అదే. రేఖాంశాల మధ్య ఎడం మాత్రం భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గుతుంది. మన అక్షాంశాల దగ్గర ఒక డిగ్రీకి 100 నుంచి 106 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

బిలాస్‌పూర్ విమానాశ్రయం దాదాపు 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. విశాఖపట్నం విమానాశ్రయం 17.7 డిగ్రీల మీద. తేడా 4.3 డిగ్రీలకు కాస్త తక్కువ. రేఖాంశాల్లో తేడా ఒక డిగ్రీకి కొంచెం పైన. లెక్క వేస్తే రెండింటి మధ్య దూరం సుమారు 490 కిలోమీటర్లు. ఖండాలు దాటే ప్రయాణాల్లో భూమి గుండ్రంగా ఉన్న సంగతి లెక్కలోకి తెచ్చి, గోళం మీద అతి దగ్గరి దారిని గీస్తారు. అందుకే హైదరాబాద్ నుంచి అమెరికా పోయే విమానం మ్యాపు మీద ఉత్తరానికి వంగినట్టు కనిపిస్తుంది. దేశం లోపలి దూరాలకు ఆ తేడా పెద్దగా ఉండదు.

ఇంతవరకూ లెక్క సులువు. కష్టం తర్వాతి అడుగులో మొదలవుతుంది.

గడియారం చెప్పే దూరం

బిలాస్‌పూర్ నుంచి పౌర విమానాలు 2021 మార్చి 1న మొదలయ్యాయి. అలయన్స్ ఎయిర్ సంస్థ ఏటీఆర్-72 విమానాలతో జబల్‌పూర్ మీదుగా, ప్రయాగ్‌రాజ్ మీదుగా ఢిల్లీకి సర్వీసులు నడిపింది. జబల్‌పూర్ మీదుగా పోతే దారి ఎంత పెరుగుతుంది? బిలాస్‌పూర్ నుంచి జబల్‌పూర్‌కు సుమారు 250 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఢిల్లీకి సుమారు 670. మొత్తం 920. నేరుగా పోయే దారికంటే 30 కిలోమీటర్లే ఎక్కువ. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్‌కు అది నాలుగు నిమిషాల పని.

కానీ మధ్యలో ఒకసారి దిగి లేవడం నాలుగు నిమిషాల పని కాదు. ఎత్తు తగ్గించుకోవాలి, రన్‌వే వరుసలోకి రావాలి, దిగి ఆగే చోటికి నడవాలి, ప్రయాణికులను దించి ఎక్కించుకోవాలి, మళ్లీ రన్‌వే చివరికి పోయి, అనుమతి తీసుకుని, ఎగిరి, ఎత్తు ఎక్కాలి. ఇదంతా కలిపితే దాదాపు గంట. విమాన సంస్థలు టికెట్టు మీద చూపే సమయం గాలిలో ఎగిరిన సమయం కాదు. విమానం ఒకచోట కదిలినప్పటి నుంచి మరొకచోట ఆగేదాకా పట్టే సమయం. దూరం చిన్నదయ్యేకొద్దీ ఆ సమయంలో నేల మీది వాటా పెరుగుతుంది.

ఇక గాలి సంగతి. చలికాలంలో ఉత్తర భారతం మీద చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. ఢిల్లీ నుంచి గువాహటి పోయే జెట్ విమానానికి అది వెనుక నుంచి తోడు. తిరుగు ప్రయాణంలో అదే ఎదురుగాలి. రెండు వైపులా దూరం ఒకటే, గంటలు ఒకటి కావు.

అన్నిటికంటే ఖరీదైన ఆలస్యం దారి మూసుకుపోవడం. 2019లో బాలాకోట్ దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య వరకు మూసేసింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న మన విమాన సంస్థలకు మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి తాష్కెంట్, అల్మాటీ నగరాలకు ఇండిగో నడిపే సర్వీసులు ఆ నెలాఖరులోనే ఆగిపోయాయి. ఆ నగరాలు ఎక్కడికీ కదలలేదు. చుట్టుదారిలో పోయేంత సామర్థ్యం ఆ చిన్న విమానాలకు లేదు, అంతే. దూరం భూగోళానిది. సమయం మాత్రం రాజకీయానిది, ఇంధనానిది, కాంక్రీటుది.

రైలు ఊరి లెక్క

ఈ సంగతి బిలాస్‌పూర్‌కు విడమరచి చెప్పక్కర్లేదు. ఆ ఊరు పెరిగిందే సమయాన్ని తగ్గించే పని మీద. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఆ దారిన పట్టాలు వేసింది. 2003 నుంచి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. కోర్బా బొగ్గు గనుల నుంచి దేశంలోని విద్యుత్ కేంద్రాలకు పోయే సరుకు రైళ్ల కదలికలు చూసేది ఇక్కడే. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం, రాష్ట్ర హైకోర్టు ఇక్కడే ఉన్నాయి. దగ్గర్లోని సీపత్‌లో ఎన్టీపీసీకి 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది.

తెలుగువాళ్లకు ఈ ఊరు కొత్త కాదు. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే బిలాస్‌పూర్‌కూ తరతరాలుగా కుటుంబాలు వెళ్లాయి. రైల్వే క్వార్టర్లలో ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం యాస వినిపిస్తుంది. ఆ కుటుంబాలను కలిపి ఉంచింది 1930ల ఆరంభంలో పూర్తయిన రాయ్‌పూర్-విజయనగరం మార్గం. మధ్య పరగణాల సరుకుకు సముద్రపు దారి చూపాలన్న ఆలోచనతోనే ఆ లైను, 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు ఒకదానికొకటి జతగా వచ్చాయి. కొండల్లో సొరంగాలు తవ్వి వేసిన ఆ లైను తూర్పు తీరాన్ని మధ్య భారతానికి కొన్ని రోజులు దగ్గర చేసింది.

ఆ లైను మీద బిలాస్‌పూర్ నుంచి విశాఖకు దాదాపు 640 కిలోమీటర్లు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో ఇప్పటికీ రాత్రంతా ప్రయాణమే. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ ఎనిమిది గంటల్లో చేరుస్తుంది కానీ, దాన్ని అందుకోవాలంటే బిలాస్‌పూర్ మనిషి తెల్లవారకముందే రాయ్‌పూర్‌లో ఉండాలి. అదే 490 కిలోమీటర్లను ఏటీఆర్ విమానం గంటంబావులో దాటగలదు. ఢిల్లీకి రాజధాని ఎక్స్‌ప్రెస్ నాగ్‌పూర్, భోపాల్ చుట్టి దాదాపు 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది. ఇరవై గంటల ప్రయాణం.

బిలాస్‌పూర్ స్టేషన్‌లో 800 మీటర్లకు పైగా పొడవున్న ప్లాట్‌ఫాం ఉంది. దేశంలోని అతి పొడవైన ప్లాట్‌ఫాంలలో అదొకటి. ఆ ఊరి రన్‌వే పొడవు మాత్రం ఒకటిన్నర కిలోమీటర్లు. పట్టాలకు పెట్టిన మనసు గాలి దారికి పెట్టలేదని చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

సైన్యం దూరాన్ని ఎలా కొలుస్తుంది?

సైనిక అకాడమీలో పరిస్థితిని అంచనా వేయడం నేర్పేటప్పుడు ‘టైమ్ అండ్ స్పేస్’ అనే పద్దు తప్పనిసరిగా రాయిస్తారు. శత్రువు ఈ చోటికి ఎన్ని గంటల్లో రాగలడు, మనం ఎన్ని గంటల్లో రాగలం? కిలోమీటర్లు ఆ లెక్కలో మొదటి వరస మాత్రమే. తర్వాతి వరసల్లో రోడ్డు, వంతెన, వెలుతురు, వాతావరణం, వాహనాల సంఖ్య, చివరికి మనిషి ఒంటి శక్తి వస్తాయి.

స్వతంత్ర భారత సైన్యం ఈ పాఠాన్ని మొదటి యుద్ధంలోనే నేర్చుకుంది. 1947 అక్టోబరు 27న ఒకటో సిక్కు బెటాలియన్ ఢిల్లీ నుంచి డకోటా విమానాల్లో శ్రీనగర్‌లో దిగింది. దూరం దాదాపు 645 కిలోమీటర్లు. ఆ విమానాలకు అది మూడు గంటల లోపు ప్రయాణం. రోడ్డు మీద రోజుల పని. బారాముల్లా దాటి వస్తున్న చొరబాటుదారులకు శ్రీనగర్ ఇంకా దగ్గర. వారం తిరిగేసరికి నవంబరు 3న బడ్గామ్‌లో మేజర్ సోమ్‌నాథ్ శర్మ, ఆయన కంపెనీ ప్రాణాలొడ్డి కాపాడినది ముందుగా ఆ విమానాశ్రయాన్ని. అది చేజారితే ఢిల్లీ మళ్లీ రోజుల దూరానికి వెళ్లిపోయేది. ఆయనకు లభించినది దేశపు తొలి పరమవీర చక్ర.

1988 నవంబరు 3న మాల్దీవుల అధ్యక్షుడు సాయం అడిగితే, అదే రాత్రి ఆగ్రా నుంచి బయల్దేరిన రెండు ఐఎల్-76 విమానాలు దాదాపు 2,600 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరి హుల్హులే దీవిలో పారాట్రూపర్లను దింపాయి. ఆగ్రాలో పారా బ్రిగేడ్, దాని పక్కనే బరువైన విమానాలు దిగే రన్‌వే లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి తర్వాతి ఆపరేషన్ పరాక్రమ్. మన దాడి దళాలు దేశం నడిబొడ్డున ఉన్న కంటోన్మెంట్ల నుంచి రైళ్లలో, రోడ్డు మీద పడమటి సరిహద్దు చేరి సిద్ధం కావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఆలోగా ప్రపంచ రాజధానులన్నీ మాట్లాడటం మొదలుపెట్టాయి. సైన్యం చేరేసరికి నిర్ణయం తీసుకోవాల్సిన సమయం దాటిపోయింది. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఆ తప్పు జరగలేదు. వైమానిక దళం 68,000 మందికి పైగా సైనికులను, దాదాపు 90 ట్యాంకులను తూర్పు లద్దాఖ్‌కు విమానాల్లో చేర్చిందని తర్వాత వార్తలొచ్చాయి.

ఎగరడం చేరడం కాదన్న సంగతీ లద్దాఖే నేర్పుతుంది. చండీగఢ్ నుంచి లేహ్‌కు 400 కిలోమీటర్లు కూడా లేదు, గంట లోపు ప్రయాణం. కానీ మైదానం నుంచి వచ్చిన జవాను 9,000 నుంచి 12,000 అడుగుల ఎత్తుకు అలవాటు పడటానికి ఆరు రోజులు ఆగాలి. ఇంకా పైకి పోవాలంటే మరిన్ని రోజులు. 1962లో ఆ వ్యవధి ఇవ్వకుండా మైదానాల నుంచి తీసుకుపోయి కొండల మీద నిలబెట్టినందుకు ఎందరో జవాన్లు తూటా తగలకుండానే కూలిపోయారు. గంటలో అయ్యే ప్రయాణాన్ని వారంగా లెక్క వేయడం తెలిసినవాడే సరిగ్గా ప్రణాళిక వేయగలడు.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ లెక్క మరీ దగ్గరిది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. సుక్మా ప్రాంతంలో గాయపడ్డ జవానుకు పెద్ద ఆసుపత్రి రాయ్‌పూర్‌లో ఉంది. గాలిలో సుమారు 310 కిలోమీటర్లు. ఎంఐ-17 హెలికాప్టర్‌కు గంటన్నర. అదే రోడ్డున దాదాపు 400 కిలోమీటర్లు, ఎనిమిది గంటలకు తక్కువ కాదు. గాయపడిన మొదటి గంటలో అందే వైద్యమే ప్రాణం నిలుపుతుందని సైనిక వైద్యులు చెబుతారు. ఆ గంటకూ ఆ ఎనిమిది గంటలకూ మధ్యనున్నది హెలికాప్టర్, అది దిగగల చదును నేల, దిగనిచ్చే వెలుతురు.

జగదల్‌పూర్‌కు 2020 సెప్టెంబరు 21న హైదరాబాద్ నుంచి, రాయ్‌పూర్ నుంచి విమానాలు మొదలైనప్పుడు చాలామంది దాన్ని పర్యాటక వార్తగా చూశారు. హైదరాబాద్-జగదల్‌పూర్ మధ్య గాలిలో 430 కిలోమీటర్లే. రోడ్డు మీద గోదావరి దాటి, అడవి దాటి పోవాలంటే ఒక పగలంతా పడుతుంది. బస్తర్‌లో ప్రభుత్వం ఉందని చెప్పడానికి ఒక పోలీసు క్యాంపు ఎంత ముఖ్యమో, వైద్యుడూ న్యాయమూర్తీ ఇంజినీరూ ఉదయం వచ్చి సాయంత్రం తిరిగిపోగల దారీ అంత ముఖ్యం.

చకర్‌భాఠా భూమి

ఇప్పుడు బిలాస్‌పూర్ దగ్గరికి వద్దాం. ఊరికి దక్షిణంగా పది కిలోమీటర్ల దూరంలోని చకర్‌భాఠాలో ఉన్న ఎయిర్‌స్ట్రిప్ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఊరికి పేరిచ్చిందని స్థానికులు చెప్పుకునే బిలాసా దేవి కేవట్ పేరు ఇప్పుడు ఆ విమానాశ్రయానికి ఉంది. 2021లో దానికి వచ్చిన లైసెన్సు ఏటీఆర్ స్థాయి విమానాలకు, పైలట్ కంటికి నేల కనిపించే వాతావరణంలో మాత్రమే దిగడానికి. ఆ పద్ధతిలో మామూలుగా ఐదు కిలోమీటర్ల దూరం కనపడాలి. మధ్య భారతంలో డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఆ భరోసా ఎవరూ ఇవ్వలేరు. మంచు పడితే విమానం రద్దవుతుంది. రెండుసార్లు రద్దయితే మూడోసారి ప్రయాణికుడు రాయ్‌పూర్ టికెట్టు కొంటాడు.

పెద్ద జెట్ విమానాలు దిగాలంటే రన్‌వే పొడవు పెరగాలి. పక్కనే, సైన్యం అవసరాల కోసం సేకరించిన 1,000 ఎకరాలకు పైగా భూమి ఉంది. అనుకున్న సైనిక కేంద్రం అక్కడ రూపుదిద్దుకోలేదు. విస్తరణకు అందులో సుమారు 287 ఎకరాలు కావాలని రాష్ట్రం అడిగింది. 2019 నుంచి ఊరి పౌరులు ధర్నాలు చేశారు. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. ధర ఎంత, ఎవరు ఎవరికి చెల్లించాలి, యాజమాన్యం మారుతుందా, వాడుకునే హక్కు మాత్రమేనా అంటూ ఉత్తరాలు ఏళ్ల తరబడి తిరిగాయి.

రన్‌వే పొడవు ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది. విమానాల పనితీరును కొలిచే ప్రామాణిక లెక్క ప్రకారం బిలాస్‌పూర్ ఎత్తులో ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. మే నెలలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గాలి సాంద్రత దాదాపు పదో వంతు తగ్గిపోతుంది. అదే విమానం అదే బరువుతో లేవాలంటే ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. పరుగెత్తే చోటు లేకపోతే సీట్లో, సరుకో, ఇంధనమో తగ్గించుకోవాలి. అంటే రన్‌వేకు కలిపిన ప్రతి వంద మీటర్లూ వేసవిలో విమానం మోసే బరువుగా మారతాయి. సైన్యానికి ఈ సూత్రం కొత్తది కాదు. 2013 ఆగస్టు 20న సి-130జె విమానం దౌలత్ బేగ్ ఓల్డీలో 16,614 అడుగుల ఎత్తున దిగినప్పుడు ప్రపంచం మెచ్చుకున్నది ఆ పలచని గాలిలో చేసిన సాహసాన్నే.

అవతలి వాదన

భూమి ఇవ్వకూడదనే వాదనకూ బలముంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. నగరాలు పెరిగేకొద్దీ సైన్యానికి శిక్షణ స్థలాలు కుంచించుకుపోతున్నాయి. ఫిరంగి దళం గుండ్లు పేల్చి సాధన చేసే చోట్లు ఏటేటా తగ్గుతున్నాయి. ఒకసారి చేజారిన రక్షణ భూమి మళ్లీ తిరిగిరాదన్నది కంటోన్మెంట్లలో పనిచేసిన ప్రతి అధికారికీ అనుభవమే. ఈరోజు విమానాశ్రయం కోసమని ఇస్తే, రేపు దాని పక్కన హోటలు, ఎల్లుండి కాలనీ వెలుస్తాయి. ఖాళీగా కనిపించే భూమి నిజంగా ఖాళీ కాదు. అది రేపటి అవసరం కోసం దాచుకున్న నిల్వ.

ఇంకో అభ్యంతరం డబ్బుది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీతో పాటు కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ విమానాలతో మొదలైన ఉడాన్ పథకం మీద కాగ్ 2023లో నివేదిక ఇచ్చింది. కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ కాలం పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాతా నిలిచినవి 54 మాత్రమే. ఇలాంటప్పుడు సైన్యం భూమి ఇచ్చి, రాష్ట్రం కోట్లు పోసి రన్‌వే పెంచితే, రాయితీ తీరిన రోజు విమానం ఆగిపోతే ఏం లాభం?

ఈ రెండు అభ్యంతరాలకూ ఒకే జవాబు ఉంది. ఆ రన్‌వేను ప్రయాణికుల కోసం మాత్రమే కడితే ఈ భయాలు నిజమవుతాయి. దేశ రక్షణ అవసరాన్ని కూడా కలిపి కడితే ఇచ్చిన భూమి సైన్యానికి చేజారినట్టు కాదు. టికెట్ల అమ్మకం పడిపోయినా కాంక్రీటు వృథా కాదు.

మన దగ్గరే రెండు ఉదాహరణలున్నాయి. విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే దశాబ్దాలుగా పౌర విమానాలు నడిచాయి. వేళల విషయంలో సర్దుబాట్లు తప్పలేదు. చివరికి పౌర అవసరాలకు భోగాపురం దారి పట్టాల్సి వచ్చింది. అయినా అన్నేళ్లూ ఒకే రన్‌వే నగరాన్నీ నౌకాదళాన్నీ మోసింది. రెండోది అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి. అత్యవసరంలో విమానాలు దిగేలా అక్కడ నాలుగు కిలోమీటర్లకు పైగా రోడ్డును ప్రత్యేకంగా కట్టారు. 2022 డిసెంబరులో, 2024 మార్చిలో వైమానిక దళం దాన్ని పరీక్షించింది. లారీలు పోయే రోడ్డునే రన్‌వేగా మలచగలిగిన దేశం, ఉన్న రన్‌వేను పొడిగించడానికి దస్త్రాల దగ్గర ఏళ్లు ఆగడం సబబు కాదు.

ఒప్పందంలో ఏముండాలి?

భూమి చేతులు మారడంతో పని అయిపోదు. ఏ షరతులతో మారుతుందన్నదే అసలు విషయం. నా దృష్టిలో నాలుగు షరతులు రాతలో ఉండాలి.

మొదటిది, రన్‌వే, ఏప్రన్‌ల మందాన్ని పౌర జెట్లకే కాక బరువైన సైనిక రవాణా విమానాలకూ సరిపడేలా ఖరారు చేయాలి. పొడవు ఎంత ఉన్నా కాంక్రీటు బరువు మోయకపోతే సైన్యానికి ప్రయోజనం లేదు. కట్టేటప్పుడు కలిపే మందానికి అయ్యే ఖర్చు, తర్వాత తవ్వి వేసేదానిలో చిన్న వంతు.

రెండోది, అత్యవసర సమయంలో వైమానిక దళం, సైన్యం, కేంద్ర బలగాలు, విపత్తు స్పందన దళం ఆ విమానాశ్రయాన్ని రుసుము, ముందస్తు అనుమతి లేకుండా వాడుకునే హక్కు ఉండాలి. ఇంధన నిల్వ, కొన్ని విమానాలు ఆగే చోటు, అక్కడి నుంచి రైల్వే సైడింగ్ వరకు బరువైన వాహనాలు పోగల రోడ్డు ముందే సిద్ధంగా ఉండాలి. విమానంలో వచ్చినది రైలెక్కగల, రైల్లో వచ్చినది విమానమెక్కగల ఊరు మధ్య భారతంలో బిలాస్‌పూర్ అవుతుంది.

మూడోది, ఇచ్చిన భూమిని విమానాల కదలికకు సంబంధం లేని పనికి వాడితే అది తిరిగి రక్షణ శాఖకు చెందాలి. హోటళ్ల భయానికి మందు ఇదే. మిగిలే 700 ఎకరాలకు పైగా భూమికి సైన్యం కూడా తన వైపు నుంచి ఒక వాడుక, ఒక గడువు ప్రకటించాలి. గడువు లేని నిల్వను పౌరులు ఎప్పుడూ ఖాళీ భూమిగానే చూస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

నాలుగోది, రాత్రిపూట, మంచులో కూడా విమానాన్ని దించగల పరికరాలు రన్‌వే పొడిగింపుతో సమానంగా రావాలి. పగలు మాత్రమే పనిచేసే విమానాశ్రయం సైనిక ప్రణాళికలో సగం విమానాశ్రయమే. ప్రయాణికుడి నమ్మకం నిలిచేది కూడా దీనివల్లే. విశాఖకు గానీ హైదరాబాద్‌కు గానీ ఒక సర్వీసు నిలవాలంటే, అది చెప్పిన రోజున చెప్పిన వేళకు వస్తుందన్న ధీమా టికెట్టు ధరకంటే ముఖ్యం.

జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా జవాను లద్దాఖ్ నుంచి ఇంటికి రావడానికి ముందు లేహ్‌లో విమానం కోసం, తర్వాత చండీగఢ్‌లో రిజర్వేషన్ కోసం ఎదురుచూసి, రైల్లో దేశాన్ని నిలువునా దాటుతాడు. విశాఖ నుంచి లేహ్‌కు గాలిలో 1,900 కిలోమీటర్లే. జెట్ విమానానికి రెండున్నర గంటల పని. ఆ జవానుకు రానూ పోనూ కొన్ని రోజులు దారిలోనే కరిగిపోతాయి. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న తల్లిదండ్రులను చూడాలనుకునే కొడుక్కి ఇంకో రోజు అదనం. సరిహద్దు నుంచి ఇల్లు ఎంత దూరమో అతను కిలోమీటర్లలో చెప్పడు. ఎన్ని రోజుల సెలవు దారికి పోయిందో చెబుతాడు.

ఢిల్లీలో దస్త్రం ఒక బల్ల నుంచి పక్క బల్లకు పోవడానికి పట్టే కాలం కూడా ఈ దూరంలో భాగమే. 287 ఎకరాల విషయంలో ఆ దస్త్రం తిరిగిన ఏళ్లలో, బిలాస్‌పూర్-ఢిల్లీ మధ్య ఉన్న 890 కిలోమీటర్లలో ఒక్క మీటరూ పెరగలేదు, తగ్గలేదు. తగ్గించగలిగిన గంటలను మాత్రం మనమే తగ్గించకుండా వదిలేశాం.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)